రాజవ్వకు వచ్చిన జ్వరం

కార్బాలిక్ సబ్బు వాసన తగిలితే చాలు, నాకు కమలాబాయి డాక్టరమ్మ గుర్తొస్తారు. పంతొమ్మిది వందల నలభైలలో, నిజాం పాలన నడుస్తుండగా, సిద్దిపేట దవాఖానలో నేను కొత్తగా నర్సుగా చేరాను. నాకు పని నేర్పింది ఆమే.

ఆ రోజుల్లోనే చింతమడక నుంచి రాజవ్వ వచ్చింది. నాట్లేసి బతికే మనిషి. మడమ మీద నల్లటి గడ్డ లేచి, పుండై, పెరుగుతోంది. అది చర్మానికి వచ్చే క్యాన్సరనీ, పాదం తీసెయ్యాలనీ డాక్టరమ్మ చెప్పారు. "కాలు లేకుంటే పొలంల ఎట్ల దిగాలె? చస్తే చస్త గని కాలియ్య" అని రాజవ్వ వెళ్ళిపోయింది. కొన్ని వారాలకు ఆమె భర్త మల్లయ్య ఎడ్లబండిలో పడుకోబెట్టి తెచ్చాడు. పుండు చీము పట్టి, కాలంతా ఎర్రగా వాచి, ఒళ్ళు కాలిపోతోంది.

"బతుకుతదా అమ్మా?"

"చెప్పలేను మల్లయ్యా. విడిచి మాత్రం పెట్ట."

పెన్సిలిన్ ఇంకా మా దాకా రాలేదు. సల్ఫా బిళ్ళలు, తడిగుడ్డలు, మా ఓపిక, అంతే. చివరికి జ్వరం దిగింది. ఆ తర్వాత ఒక ఉదయం పుండు కడుగుతూ నేను ఆగిపోయాను. నల్లగడ్డ సగానికి పైగా కుంగిపోయి ఉంది. డాక్టరమ్మను పిలిస్తే వచ్చి, వంగి గడ్డను నొక్కి చూశారు. "చీము క్రిములతోని కొట్లాడనీకి లేచిన ఒంటి బలం గడ్డ మీద గూడ పడ్డట్టుంది. పాత డాక్టర్లు గిసొంటిది చూసిన్రని చదివిన. అందరికెందుకు గాదో నాకు తెల్వది" అన్నారు.

కబురు పాకింది. దౌల్తాబాద్ నుంచి ఒకాయన, అలాంటి పుండే ఉన్న తమ్ముణ్ణి తెచ్చి, "రాజవ్వకిచ్చిన జ్వరమే వీనికియ్యున్రి" అని పట్టుబట్టాడు.

"జ్వరం నేనియ్యలే. గదే జ్వరంతోని నా చేతులల్ల పానం పోయినోళ్లున్నరు. నీ తమ్ముని పానం మీద నేను పందెం కాయ" అన్నారామె. అతను కోపంతో లేచాడు. ఆమె కదలనివ్వలేదు. పొద్దు వాలేదాకా నచ్చజెప్పి ఆపరేషన్‌కు ఒప్పించారు.

రాజవ్వకు నయమైందని మాత్రం ఆమె ఎన్నడూ అనలేదు. తానే చింతమడక వెళ్ళి మడమ చూసి వచ్చేవారు. తర్వాత ఎప్పుడో చిన్న గడ్డ మళ్ళీ కనిపించింది. ఈసారి రాజవ్వ పారిపోలేదు. "నువ్వు నాకు అబద్ధం చెప్పలే. కొయ్యి అమ్మా" అంది. మడమలో కొంత తీస్తే సరిపోయింది. కుంటుతూనే మళ్ళీ నాట్లలో దిగింది.

డాక్టరమ్మ పోయి చాలా ఏళ్ళైంది. "తగ్గుతదా?" అని నన్ను ఎందరో అడిగారు. తెలియనప్పుడు తెలియదనే చెప్పాను. చెప్పి, పక్కన కూర్చుని, కట్టు విప్పాను.