బూడిద పాట కట్టినామె

ఏటా డిసెంబరు చివరి వారంలో నేనొక జాబితా రాస్తాను. ఆ ఏడాది విన్నవాటిలో బాగా నచ్చిన పది ఆల్బంలు, ఒక్కోదాని కింద నాలుగైదు వాక్యాలు. ముప్ఫై ఏళ్లు పత్రికల్లో పనిచేసి పలాసలో కుదురుకున్నాక మిగిలిన అలవాటు అది. టెక్కలిలో ఒక మిత్రుడు నడిపే వెబ్ పత్రికలో వస్తుంది. చదివేవాళ్లు కొద్దిమందే, వాళ్లలోనూ సగంమంది నాతో పోట్లాడటానికే చదువుతారు. మొన్నటి జాబితాను మాత్రం వెలువడిన మూడో రోజే వెనక్కి తీసుకున్నాను. ఎందుకో చెప్పాలి. చెప్పేటప్పుడు గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి, ఆ కోపం ఇంకా చల్లారలేదు.

నేను వినేవి ఎక్కువగా అమెరికా పల్లె పాటలు. కొండ ఊళ్లలో ఫిడేలు, బాంజో పట్టుకుని పాడేవి. బొగ్గు గనులవాళ్లవి, పత్తి చేలవాళ్లవి, రైలు పట్టాలు వేసినవాళ్లవి. విశాఖపట్నంలో డెస్కు మీద పనిచేసే రోజుల్లో హార్బరు దగ్గర ఒక బడ్డీలో ఓడ మనుషులు అమ్ముకుపోయిన క్యాసెట్లు దొరికేవి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ ఆ గొంతుల్లో ముక్కుతో సాగదీసే లాగుడు ఒకటుంటుంది. మా నందిగాం వైపు నాట్లేసే ఆడవాళ్ల లాగుడూ అదే. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. “మళ్లీ ఆ ముక్కుపాట పెట్టీసినారేటి? అయితే నాను పెరట్లోకెల్లిపోతాను” అంటుంది. వెళ్లిపోతుంది కూడా.

ఈ ఏడాది మంచివే వచ్చాయి. ఎనభై దాటిన ఒక వడ్రంగి తను చేసుకున్న ఫిడేలుతో వంటింట్లో కూర్చుని పాడిన ఆల్బం ఒకటి. మధ్యలో ఎవరో గిన్నె కింద పడేస్తారు, ఆ చప్పుడు అలాగే ఉంచేశారు. గనుల వల్ల తాగే నీళ్లు పాడైన ఊరి నుంచి ఒకామె పాడిన ఆల్బం ఇంకొకటి. అది వింటూ నీళ్లు పాడై కిడ్నీలు పోతున్న మన వజ్రపుకొత్తూరును తలుచుకోని ఉద్దానం మనిషి ఉండడు. అయితే పాటల కంటే ముందు నేను చదివేది వాటితో ఇచ్చే చిన్న అక్షరాల వివరాలను. ఈ పాట ఫలానా లోయలో ఫలానా ఆమె దగ్గర నేర్చుకున్నాం, ఆమె తన మేనత్త దగ్గర నేర్చుకుంది, రెండో చరణం మాత్రం ఆమె సొంతం అని అంత వివరంగా రాస్తారు. అక్కడా మొదటి నుంచీ ఇంత బుద్ధి లేదు. పాడినవాళ్లను పక్కకు నెట్టి పట్నంవాళ్లు తమ పేర్లు వేసుకున్న రోజులు చాలానే ఉన్నాయి. కొట్లాడగా కొట్లాడగా వచ్చిన బుద్ధి అది.

ఈసారి మొదటి స్థానం వాళ్లెవరికీ ఇవ్వలేదు. హైదరాబాదులో ఐదుగురు కలిసి మన ఉత్తరాంధ్ర పాటలను గిటారుతో, మన పల్లె వాద్యం జముకుతో పాడిన ఆల్బంకి ఇచ్చాను. అందులో మూడోది బూడిద పాట.

గోరింటకి పండిన సెయ్యే
జీడిసొనకి మండిన సెయ్యే
బూడిదెట్టుకో పిల్లా
సేతులకి బూడిదెట్టుకో

“పుట్టినప్పటి నుంచీ విన్నట్టే ఉంది” అని దాని గురించి రాశాను. మెచ్చుకోలుగానే రాశాను. పాటతో వాళ్లిచ్చిన వివరాన్ని కూడా ఎత్తి రాశాను. సంప్రదాయ జానపదమట, రచయిత తెలియదట, దేహం చివరికి బూడిదేనన్న వైరాగ్యం ఇందులోని తత్వమట. ఆ చివరి మాట దగ్గర కొంచెం గుచ్చుకుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు పనికి కూర్చునే ముందు చేతులకు పొయ్యిలోని బూడిద రాసుకునేవారు. రాసుకోకపోతే పిక్కలోని సొన తగిలి చర్మం నల్లగా కమిలి పొరలుపొరలుగా ఊడివస్తుంది. ఆ బూడిదలో తత్వం ఎక్కడుంది? అయినా పట్నం పిల్లలు కదా అని వదిలేశాను. బతుకంతా ఇంకొకరు రాసిన వార్తలు దిద్దినవాణ్ణి అలా వదిలేయకూడదు.

మూడో రోజు పొద్దున్న టీ తాగుతుంటే ఫోన్ మోగింది. ఆడగొంతు.

“పేపరు బాబేనా? నానే. జీడి కార్ఖానాలో పాట పాడించుకున్నావు, గేపకముందా? బూడిద పాట.”

జాబితా రాసేటప్పుడు తట్టనిది అప్పుడు చప్పున గుర్తుకొచ్చింది. మావైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేవాణ్ణి. చాలా ఏళ్ల కిందట కాశీబుగ్గలో పిక్కలు కొట్టే పనికి సముద్రం ఒడ్డునున్న ఊరి నుంచి రోజూ ఆటోలో వచ్చేది. కబురు తెలుస్తూనే ఉంది; కిడ్నీలు దెబ్బతిని పని మానేసింది, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లొస్తోంది.

“ఉంది అప్పా. ఒంట్లో ఎలా ఉంది?”

“ఒంటికేటి, దాన్ని మిషను సూసుకుంతాది. నువ్వు పాట సంగతి సెప్పు. నిన్న ఆస్పత్రిలో పక్క మంచమామె ఫోన్లో పాట ఇంతన్నాది. మగోడెవుడో పాడతన్నాడు. ఇది నా పాటే అన్నాను. నర్సమ్మ నవ్వీసింది. ఇంటికొచ్చి కోడలికి సెప్తే, అది ఫోన్ సూసి, ‘అత్తా, ఎవులు కట్టినారో తెలీదని రాసున్నాదీ’ అంతాది. తెలీకపోడానికి నానేటి సచ్చిపోనానా?”

“కోడలు నమ్మలేదా?”

“ఎందుకు నమ్ముతాది? సదువుకున్నాది. రాసున్నదే నమ్ముతాది. ‘నువ్వు కడితే నీ పేరుండదేటత్తా’ అని ఒకటే ఎటకారం. సూడు బాబూ, నాకేటీ ఒద్దు. నానుండగా ఆ ‘తెలీదు’ తీయించీ. అంతే.”

ఫోన్ పెట్టేసి కాసేపు నాలో నేనే అరుచుకుంటూ వీధిలోకీ ఇంట్లోకీ తిరిగాను. ఒక మనిషి బతికి, మంచం మీద గొట్టాల మధ్య పడుకుని తన పాట తానే వింటుంటే, కట్టినవాళ్లెవరో తెలియదని రాయడానికి వీళ్లకు చేతులెలా వచ్చాయి? మా ఆవిడ పెరట్లోంచి తొంగిచూసి, “పాట లేకండానే కేకలేస్తన్నారేటి?” అంది.

హైదరాబాదు బృందం వ్యవహారాలు చూసే అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పేరు చెప్పగానే పొంగిపోయాడు.

“సార్, మీ జాబితా ప్రింటు తీసి మా స్టూడియో గోడకి అంటించాం సార్!”

“అయితే ఊడదీయండి. బూడిద పాట కట్టినామె బతికే ఉంది.”

“అలాగా సార్? కానీ మేం మా సొంతమని ఎక్కడా వేసుకోలేదే. జానపదం అనే వేశాం.”

“జానపదమంటే గాలికి పుట్టిందనుకున్నారా? మీలో ఒక్కరైనా పలాసలో రైలు దిగారా? ఒక్క కార్ఖానా గడప తొక్కి అడిగారా?”

“లేదు సార్. కానీ ఆధారం లేకుండా వేయలేదు. పాత పేపరు క్లిప్పింగుంది. పంపిస్తాను, చూడండి.”

నేను ఆగలేదు. కొండ ఊళ్ల ఆల్బంల గురించి, చిన్న అక్షరాల గురించి, వంటింట్లో పడిన గిన్నె గురించి కూడా పాఠం చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. అంత ఓపిక ఎందుకో క్లిప్పింగు వచ్చాక తెలిసింది.

జిల్లా ఎడిషన్‌లో ఒక పేజీ. ఫొటోలో తలలు వంచుకుని వరసగా కూర్చున్న ఆడవాళ్లు. దాని కింద, పాటతో అలసట మరిచిపోతున్న మహిళా కార్మికులు అని వ్యాఖ్య. మొదటి పేరాలో ఇలా ఉంది: “ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో తెలియని ఈ పాట ఉద్దానం గాలిలో తరతరాలుగా తేలియాడుతూనే ఉంది.” పైన లావుపాటి అక్షరాల్లో నా పేరు.

మా వృత్తిలో అదొక పద్ధతి. రిబ్బను కత్తిరించిన వాళ్ల దగ్గర్నుంచి ఆ కత్తెరను పళ్లెంలో పెట్టి పట్టుకున్నవాళ్ల వరకు అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా వేసేవాళ్లం. ఒక్క పేరు పోతే మర్నాడు ఆఫీసు ముందు గొడవ. కూలిమనిషి పాడితే మాత్రం అది జానపదం. పేరు వేస్తే పాట చిన్నదైపోతుందని అనుకునేవాళ్లం. తెలియదంటే పాతదనం వస్తుంది, చదివేవాడికి ఒళ్లు పులకరిస్తుంది. డెస్కులో ఎవరూ ఇదేమిటని అడగలేదు. ఆమె తరఫున గొడవకొచ్చేవాళ్లు లేరని అందరికీ తెలుసు.

అటక మీది ట్రంకుపెట్టె దింపించి పాత నోటుపుస్తకాలు వెతికాను. సాయంత్రానికి దొరికింది. ఆమె ఇంటిపేరు, పేరు, ఊరు, కన్నవారి ఊరు. కింద నా దస్తూరీలోనే: తమ్ముడి పెళ్లాం కొత్తగా పనిలోకొచ్చి మొదటి రోజే చేతులు కమిలించుకుంటే, ఓదార్చడానికి కట్టింది. రెండు చరణాలు అక్కడే, మూడోది ఇంటికెళ్లే ఆటోలో. “తనే కట్టానంది” అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాను. అంటే, తెలియక రాసింది కాదు.

మర్నాడు పుస్తకం పట్టుకుని వాళ్ల ఊరెళ్లాను. ఆమె వసారాలో కుర్చీలో కూర్చునుంది. సూదులు పొడిచి పొడిచి ఉబ్బిన చేతిని తువ్వాలుతో కప్పుకుంది. కోడలు గడప దగ్గర చేపలు తోముతోంది. జరిగింది ఏమీ దాచకుండా చెప్పి పుస్తకం ఇచ్చాను. కోడలు చేతులు కడుక్కుని వచ్చి, అత్తగారికి వినపడేలా మొత్తం చదివింది.

“అయితే దొంగ కోసం హైదరాబాదు దాక ఫోన్ సేసినావన్నమాట” అందామె.

“అవునప్పా.”

“నీ పెట్టె దింపుకుని సూసుకుంటే సరిపోయేది గదా!” అని పకపకా నవ్వింది.

కోడలు నవ్వలేదు. “ఇంత సక్కగ రాసుకున్నారు. మరి పేపర్లో తెలీదని ఎందుకేసినారండీ?”

“అలా రాస్తే బాగుంటుందనుకున్నానమ్మా.”

“ఎవులికి?” అంది.

ఆ పేజీని ఫొటో తీసి, వివరం సరిచేయమని అక్కడి నుంచే హైదరాబాదుకు పంపాను. రెండు రోజులకు బదులొచ్చింది: “సరిచేశాం సార్, చాలా సంతోషం.” పాట వివరాలు తెరిచి చూశాను. “తెలియదు” పోయింది. ఆ చోట “సేకరణ” అని నా పేరుంది.

వాళ్లకు పంపిన పేజీలో ఆమె పేరు మొదటి వరసలో ఉంది. అలవాటుగా పెట్టిన నా సంతకం కింద మూలన ఉంది. పై నుంచి కిందికి చదివినవాళ్లకు ఆ మూల తప్ప ఏదీ కనపడలేదు. మళ్లీ ఫోన్ చేశాను.

“మీ మీద గౌరవంతో వేశాం సార్. రచయితగా ఆమె పేరు వేయాలంటే, పాట తనదేనని ఆమె రాసి సంతకం పెట్టాలి.”

“నా పేరు వేయడానికి నా సంతకం అడిగారా?”

అక్కడితో ఆగకుండా నేను అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాయదగ్గది కాదు. విషయం ఆమెకు ఫోన్లో చెబితే మాత్రం తాపీగా, “ఆలకి నీ పేరు కనబడింది, నా పేరు కనబడనేదేటి? మంచి కళ్లే” అంది. వెనక నుంచి కోడలి గొంతు వినిపించింది: “కాయితం నాను రాత్తానత్తా. నువ్వు సంతకమెట్టు. పాట కూడా పాడు, ఫోన్లో పట్టి పంపీద్దాము. అప్పుడేటంతారో సూద్దాము.”

అలా పట్టిన పాట నా దగ్గరకూ వచ్చింది. మొదట కుర్చీ కిర్రుమంటుంది. తర్వాత, ఆస్పత్రిలో పేరు అడిగినప్పుడు చెప్పేటట్టే, ఇంటిపేరు, పేరు, ఊరు చెప్పి, “బూడిద పాట. కట్టింది నానే” అంటుంది. ఆయాసం వల్ల రెండుచోట్ల ఆగుతుంది. మూడో చరణం, హైదరాబాదువాళ్లు పాడనిది, నా వార్తలోనూ రానిది, పూర్తిగా పాడుతుంది. గిటారు లేదు, జముకూ లేదు. వెనకాల ఎవరి కోడో కూస్తోంది.

మూడో రోజే తీయించేసిన పాత జాబితా చోట కొత్తది రాశాను. మొదటి స్థానం ఆ ఫోన్ పాటదే. పది ఆల్బంల జాబితాలో ఒక్క పాటేమిటని టెక్కలి మిత్రుడు సణిగాడు. వేస్తే వెయ్యి, లేకపోతే మొత్తం తీసెయ్యి అన్నాను, వేశాడు. ఆమె పేరు అక్కడ పాట పక్కన ఉంది. ఇక్కడ నేను ఎవరి పేరూ రాయలేదు. ఇది నా తప్పు గురించి రాసింది. ఆమె పేరు ఉండవలసిన చోటు ఇది కాదు.

కాగితం అందాక హైదరాబాదువాళ్లు మార్చడం మొదలుపెట్టారు. పాటలు వినే మూడు యాప్‌లలో రెండింట్లో ఆమె పేరొచ్చింది. ఆ రోజే ఫోన్ చేసింది.

“కోడలు నర్సమ్మకి సూపించీసింది బాబూ.”

“ఏమంది?”

“ఏటంతాది? పాడమంది. మిషను తిరుగుతుంటే పాడనేను తల్లీ, రాసున్నాది గదా, సదువుకో అన్నాను.” వెంటనే అడిగింది. “మూడోదాన్లో?”

మూడోదాంట్లో ఇవాళ పొద్దున్నకీ నా పేరే ఉంది. ఏదో ఫారం వెళ్లాలట, ఎవరో చూడాలట, నాలుగైదు వారాలు పడుతుందట. ఆమె అడిగింది తను ఉండగా అని. ఆ మాట హైదరాబాదువాళ్లకు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి చెబుతున్నాను. ఈమధ్య రెండో రింగుకే ఎత్తుతున్నారు.