వారం విడిచి వారం నెమ్మదించిన కంప్యూటర్

1989. తిరుపతి బస్టాండుకు రెండు వీధుల అవతల నా కొట్టు. పన్నెండేళ్లు టైపు మిషన్లూ రేడియోలూ బాగుచేసి, మద్రాసులో మూడు నెలలు కంప్యూటర్ల స్క్రూలు తిప్పి వచ్చి, 'కంప్యూటర్లు బాగుచేయబడును' అని కొత్త బోర్డు పెట్టించాను. నేను ఎనిమిదో తరగతిలో లెక్కలకు భయపడి బడి ఎగ్గొట్టినవాణ్ణి. మా లెక్కల అయ్యవారు ఒకరోజు అటు వెళ్తూ బోర్డు ముందు ఆగారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. "ఒరే మునిరత్నం, లెక్కలు చేసే మిషనుకు నువ్వు వైద్యమా? పాపం, దానికి ఇంగెవురూ దొరకలేదా?" అన్నారు. నిజంగానే దొరకలేదు. అప్పటికి ఊళ్లో ఆ పని చేసేవాళ్లం ఇద్దరమే.

ఆ ఏడే రంగాచారి గారు కంప్యూటర్ జాతకాల అంగడి తెరిచారు. కొండ దిగి వచ్చిన యాత్రికులు పుట్టిన తేదీ, వేళ, ఊరు చెబితే మిషను గ్రహాలు లెక్కగట్టి, నాలుగు కాగితాల జాతకం అచ్చువేసి ఇచ్చేది. మిషను ముందు కూర్చునే ఆవిడ పేరు శకుంతల. వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. టైపు హయ్యర్ పాసై, ఆపైన ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుంది. భర్త పనిచేసే మిల్లు మూతపడడంతో ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది.

ఒక గురువారం రంగాచారి గారు కబురు పెడితే వెళ్లాను.

"మిషను నడవడం లేదప్పా, పాకతా ఉండాది" అన్నారు. "ఆరు నిమిషాల్లో వచ్చే జాతకం పన్నెండు దాటినా రాదు. ముందు కూడా ఇట్లే చేసి, దానంతట అదే సర్దుకునె. జనం లేచిపోయి బస్సెక్కేస్తా ఉండారు. ఏలినాటి శని మనుషులకే అనుకుంటిని."

"మిషను పుట్టిన వేళ చెప్పండి స్వామీ, దానికీ ఒక జాతకం వేసేద్దాం" అన్నాను.

శకుంతల నవ్వింది. ఆయన నవ్వలేదు. "నవ్వు బాగానే వస్తాది నీకు. నువ్వేం నొక్కినావో, ఏం చేసినావో" అని ఆవిడ మీద విసుక్కుని లోపలికి వెళ్లారు.

"నేనేమీ చేయలేదన్నా" అంది శకుంతల నాతో. "పోయిన శుక్రవారం పొద్దున్నించీ ఇట్లే ఉండాది."

"శుక్రవారం కదమ్మా, తలంటు పోసుకుని కునుకు తీస్తా ఉంటాది" అన్నాను. పెట్టె విప్పాను.

కంప్యూటర్ నెమ్మదించడానికి నాకు తెలిసిన మొదటి కారణం హార్డ్ డిస్క్. పెట్టె లోపల గిర్రున తిరిగే పళ్లెం అది. మనం దాచమన్నవన్నీ దానిమీదే దాచుకుంటుంది. అంగడి తెరిచిన రోజు నుంచి వేసిన ప్రతి జాతకమూ అందులోనే ఉంది, ఒక్కటీ తీసేయలేదు. పళ్లెం నిండిపోతే కొత్త ఫైలును ముక్కలు చేసి, ఖాళీ దొరికిన చోటల్లా ఒక్కో ముక్క పెడుతుంది. దీన్ని ఫ్రాగ్మెంటేషన్ అంటారు. పెళ్లి భోజనానికి వచ్చిన ఒకే ఇంటివాళ్లను తలా ఒక పంక్తిలో కూర్చోబెట్టినట్టు. తర్వాత వాళ్లను పోగేయాలంటే పందిరంతా తిరగాలి. ఆ రోజుల్లో దీనికి మందు ఒకటే. అన్నిటినీ ఫ్లాపీల మీదికి ఎక్కించి, డిస్కును పూర్తిగా తుడిచి, కావలసినవే మళ్లీ వరసగా దించాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయింది. ఫైళ్లు చకచకా తెరుచుకున్నాయి. అది చూసి మురిసిపోయి, జాతకం వేసి చూడకుండానే లేచి వచ్చేశాను.

మరునాడు రంగాచారి గారే కొట్టుకు వచ్చి, "ఆరే నిమిషాలప్పా!" అని భుజం తట్టారు.

ఆ సంతోషం వారమే నిలిచింది. రెండో వారం మళ్లీ పాకుడు. వారమంతా ఓపిక పట్టి, గురువారం నన్ను పిలిచారు.

"మళ్లీ శుక్రవారమే మొదలైందన్నా" అంది శకుంతల.

"అయితే శుక్రవారాన్ని బాగుచేసేవాణ్ణి పిలవాలమ్మా. నాకు మిషన్లు మాత్రమే వచ్చు" అన్నాను.

రెండో కారణం మెమరీ. మిషను పని చేసుకునే బల్ల అనుకోండి. బల్ల నిండా అక్కర్లేని సామాను పరిస్తే పనికి చోటుండదు. ఎవరో అమ్మిన గడియారం ప్రోగ్రాం ఒకటి, దానికి తోడు ఇంకొకటి, మిషను వెలిగించగానే వచ్చి బల్లమీద కూర్చుంటున్నాయి. రెంటినీ దించాను. సాంబ్రాణి పొగ, దుమ్ము కలిసి ఫ్లాపీ డ్రైవ్‌లో పేరుకున్న మసి తుడిచాను. లోపలి సర్క్యూట్ కార్డులు ఊడదీసి, వాటి లోహపు కాళ్లు రుద్ది మళ్లీ బిగించాను. మరునాటికి మిషను మళ్లీ గుర్రం. నా హస్తవాసి మీద నాకే భక్తి కలిగింది.

ఆపై రెండో గురువారం రంగాచారి గారు కబురు పెట్టలేదు, స్వయంగా వచ్చారు. ముఖం ఎర్రగా ఉంది.

"నువ్వు బాగుచేసి పోతావు, వారం తిరక్కుండా ఆ పిల్ల చెడగొడతాది. ఇంగ నా వల్ల కాదు. మద్రాసులో మా అక్క కొడుకు కంప్యూటర్ చదివినాడు. ఒకటో తేదీకి రమ్మని జాబు రాసినాను. ఆయమ్మను నిలిపేస్తా ఉండాను."

నాకు జోకు తట్టలేదు. రెండుసార్లు బాగుచేశానని తిరిగింది నేను, ఉద్యోగం పోయేది ఆవిడకు.

మధ్యాహ్నం అన్నం వేళ శకుంతల కొట్టుకు వచ్చింది. చేతిలో నలభై పేజీల నోటుబుక్కు.

"ఎంతసేపు పడుతాదని జనం అడుగుతారు కదన్నా. చెప్పేదానికని ప్రతి జాతకానికీ నిమిషాలు రాసి పెట్టుకున్నాను. నువ్వు చెబితే స్వామి వింటారు. ఒగతూరి చూడు."

చూశాను. శుక్రవారం నుంచి గురువారం దాకా ఆరు, ఆరు, ఆరు. మరుసటి శుక్రవారం నుంచి పన్నెండు, పదమూడు, పన్నెండు. ఆపైన మళ్లీ ఆరు. మధ్యలో ఏ మంగళవారమూ, ఏ ఆదివారమూ అంకె మారలేదు. నేను పనిచేసిన గురువారాల తర్వాత వేగం వచ్చిన మాట నిజమే. కానీ నేను అడుగు పెట్టకముందు కూడా అది వారం విడిచి వారం వచ్చి పోతూనే ఉంది. నా హస్తవాసి అక్కడితో సమాప్తం.

"శుక్రవారం పొద్దున మీ అంగట్లో ఏం జరుగుతాదమ్మా?"

"ఏముండాది? ఊడ్చి, నీళ్లు చల్లుతాను. స్వామి పూజ చేస్తారు. అంతే."

"మిషనుకు కూడానా?"

"మిషనుకే ముందు."

మరునాడు శుక్రవారం. అంగడి తెరవకముందే వెళ్లి మూల నిలబడ్డాను. రంగాచారి గారు పెట్టె ముఖాన నామం దిద్దారు. అటూ ఇటూ తెల్లని గీతలు, నడుమ ఎర్రటి శ్రీచూర్ణం. ఎర్ర గీత కింది కొసలో బొటనవేలితో గట్టిగా ఒక ఒత్తు ఒత్తారు. 'టిక్' అని చిన్న శబ్దం.

ఆ పెట్టెను నేను రెండుసార్లు విప్పాను. లోపల తుడవని మూల లేదు. ముఖం మాత్రం ముట్టుకోలేదు, దేవుడి నామం ఎలా చెరపడం అని. శకుంతల కూడా అంతే, చుట్టూ తుడిచేది.

"స్వామీ, మీ భక్తిలో లోపం లేదు. వేలిలోనే కాస్త బలం జాస్తి" అన్నాను.

"ఏమంటావప్పా?"

"ఆ ఎర్రబొట్టు కింద ఏముండాదో చూడాల. తుడిచేదానికి మీరు ఒప్పుకోవాల."

ఆయన గోడ పక్కన నిలబడ్డ శకుంతల వైపు చూశారు. ఉత్తరీయం కొస తడిపి, తనే తుడిచారు. కింద చదరపు బటన్, దాని పక్కన శ్రీచూర్ణం గట్టిపడి మూసుకుపోయిన చిన్న దీపం, పైన 'టర్బో' అని ఇంగ్లీషు అక్షరాలు. అప్పటి మిషన్లకు ఉండేది ఆ బటన్. పాత ప్రోగ్రాములు కొన్ని వేగం తట్టుకోలేవు, వాటికోసం మిషనును సగం వేగానికి దించే ఏర్పాటు. ఒకసారి నొక్కితే నెమ్మది, మళ్లీ నొక్కితే వేగం.

"మీ జాతకమే వేద్దాం స్వామీ. గడియారం మీరే పట్టుకోండి" అన్నాను.

శకుంతల ఆయన పుట్టిన వేళ కొట్టింది. దీపం వెలుగుతుండగా ఆరు నిమిషాలు. బటన్ నొక్కి, దీపం ఆర్పి అదే జాతకం మళ్లీ వేస్తే పన్నెండున్నర. ఆయన రెండు జాతకాలూ పక్కపక్కన పెట్టుకుని గడి గడీ చూశారు.

"గ్రహాలేమీ మారలేదు" అన్నారు మెల్లగా. తర్వాత శకుంతలతో, "తప్పు నాదేనమ్మా. నీ మీద వేసినాను" అన్నారు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, బటన్ నొక్కి దీపం వెలిగించి, బయట కూర్చున్న సత్యవేడు దంపతులను లోపలికి పిలిచింది.

ఆ రోజే, అక్క కొడుకును రావద్దంటూ మద్రాసుకు ఇంకో జాబు వెళ్లింది. నామం మానిటర్ నెత్తిమీదికి మారింది. మరుసటి ఏడు రెండో మిషను వచ్చినప్పుడు, దాన్ని నడిపేవాళ్లకు పని నేర్పే బాధ్యత శకుంతలకే అప్పగించారు.

నాకు వచ్చిన బుద్ధి ఇది. డిస్కు చెత్త నిజం, మెమరీలో తిష్ఠ వేసిన ప్రోగ్రాములూ నిజం, వాటిని తీసేయాల్సిందే. కానీ అసలు జబ్బు దొరికేదాకా వైద్యం అయిందనుకోకూడదు. బాగైందో లేదో ఆ పనే చేయించి, గడియారం పెట్టి చూడాలి. స్క్రూ డ్రైవరు తీసేముందు, ఆ మిషను ముందు రోజంతా కూర్చునే మనిషిని అడగాలి. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా నా మొదటి ప్రశ్న, "ఎప్పటినుంచి? ఆ రోజు ఏం జరిగింది?"

రెండో మిషను బిగించిన రోజు కాఫీ తాగుతూ నా సహజ గుణం పోనిచ్చుకోక, "చూడమ్మా శకుంతలా, ఇది నెమ్మదైతే వెంటనే నాకు కబురు పెట్టు" అన్నాను.

"మిషను సంగతి నేను చూసుకుంటాలేన్నా" అంది ఆవిడ, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. "దానికి ఒగతూరి నొక్కితే చాలు. నీకే, మూడుతూర్లు చెప్పాల్సొచ్చె."