పెద్దమ్మ వేసిన గడియ

రెండేళ్ల కిందటి మాట. మావారు క్యాంపులో ఉండగా నెలల పాపకు జ్వరం కాసి, ఒళ్లంతా ఎర్రగా పేలింది. భయపడి తాండూరులో రైలెక్కి, వికారాబాదులోని మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆదివారం ఉదయం, జోరువాన.

పాపను చూడగానే పెద్దమ్మ, "అమ్మవారు పోసింది! మా ఇంట్ల పిల్లలున్నరు, ఇటే మర్లిపో బిడ్డా" అని లోపల గడియ వేసింది. బి.ఏ. చదివిన నేను పాపకు కొంగు కప్పి వానలోకి దిగాను.

ఎదురుగా చర్చి తలుపులు తీసి ఉన్నాయి. లోపలికి వెళ్లి వెనక, అందరికీ దూరంగా కూర్చున్నాను. అక్కడ కొత్తవాళ్లను నిలబెట్టి, పేరు అడిగి, అందరూ వందనాలు చెబుతారు. పాస్టరుగారు నన్ను లేవమన్నారు. పాపను ఎత్తుకుని లేచాను.

"నా బిడ్డకు ఒంటినిండా పొక్కులున్నాయి. వాన తగ్గగానే వెళ్లిపోతాను" అన్నాను.

పాస్టరుగారి భార్య లేచి నా దగ్గరకొచ్చింది.

"జర పేరు సుత చెప్పు బిడ్డా! వందనాలు చెప్పనీకె అందరు చూస్తున్నరు. చెప్పినంక మా ఇంట్ల పాపను పండవెడుదాం."

పాస్టరుగారింటికి డాక్టరు వచ్చి చూసి, తట్టు అన్నాడు. సాయంత్రం పెద్దమ్మ అక్కడికే వచ్చింది.

"ఎదురింట్ల నేనుండంగ చర్చిలకు పోతవా? ఇజ్జత్ తీసినవ్. తానం చేసి ఎనక దర్వాజల నుంచి రా."

"నువ్ గడియ తియ్యకు పెద్దమ్మా, చేతులు నొస్తయి" అన్నాను.

పాప ఇప్పుడు నా పక్కన నిద్రపోతోంది. ఆ గడియ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. తలుపైతే తీశాను. కూర్చోమనడానికి మాత్రం నోరు రాలేదు.