ఉతకని చొక్కా

అద్దకం కార్ఖానాలో ఆమెను అందరూ బూజమ్మ అంటారు. ఆమె పని అలాంటిది మరి. మిగతావాళ్ళు పూలూ లతలూ చూసి గీస్తే, ఆమె నిమ్మతొక్క కుళ్ళేదాకా కాచుకుని కూర్చుంటుంది. దాన్ని మైక్రోస్కోపులో చూసి, అక్కడ కనిపించిన తీగల్నీ చుక్కల్నీ బట్టల మీదికి ఎక్కిస్తుంది. కొనేవాళ్ళకు ఆ పువ్వు పుట్టిల్లు ఏదో తెలియదు కాబట్టి సరిపోయింది.

ఇంట్లో మాత్రం ఆటలు సాగలేదు. అత్తయ్యకు శుభ్రమంటే ప్రాణం. కోడలు కిటికీ దగ్గర డబ్బాలో రొట్టెముక్క దాచిందంటే, అది పచ్చబడే లోపే చెత్తబుట్టలో ఉండేది.

"కోడలొచ్చిందనుకున్నా, బూజొచ్చింది" అని సణిగేది అత్తయ్య. కోడలు నవ్వి ఇంకో ముక్క పెట్టేది. ఎంత కీచులాడుకున్నా, ఒకరు లేందే ఇంకొకరికి ముద్ద దిగదు.

ఆ వానాకాలం అత్తయ్య ట్రంకుపెట్టె తెరిచి, ఉన్నట్టుండి చతికిలబడింది. ఒళ్ళో మామయ్య చొక్కా. ఆయన పోయేముందు ఆఖరిసారి విడిచింది. కాలరు నిండా నల్లమచ్చలు.

"ఉతికితే పోతుందా?" అంది మచ్చల మీద వేలు పెట్టి.

కోడలు బట్టను వేళ్ళతో తడిమింది. నూలు చివికిపోయింది. "మచ్చ కాదత్తయ్యా, చొక్కానే పోతుంది. అయినా ఉతికి పెట్టిన బట్టకు ఇంత బూజెలా పట్టింది?"

అత్తయ్య తల వంచుకుంది. కాళ్ళు తుడుచుకునే పట్టాను కూడా ఉతికి ఆరేసే మనిషి, ఆ ఒక్క చొక్కాను ఉతకలేదు. "ఆయన వాసన పోతుందనీ..." అంది.

కోడలు లేచింది. మైక్రోస్కోపు తెచ్చి బల్ల మీద పెట్టి, కాలరును దాని కింద సర్దింది. "ఒక్కసారి చూడండి."

ఇన్నాళ్ళూ దానికేసి కన్నెత్తి చూడని అత్తయ్య, కొంగుతో కళ్ళు తుడుచుకుని వంగింది. "ఇదేంటే! ఎవరో ఓపిగ్గా కూర్చుని కుట్టుపని చేసినట్టుంది."

"చెమట ఇంకిన చోటే పెరుగుతుందత్తయ్యా. చొక్కా చేతుల మీద లేదు చూడండి. మామయ్య మెడ ఆనిన మేరకే ఉంది."

అత్తయ్య చాలాసేపు కన్ను తియ్యలేదు. చివరికి, "గియ్యవే. ఇది కూడా పోకముందే గియ్యి" అంది.

కోడలు గీసింది. రంగు అత్తయ్యే చెప్పింది, చొక్కా కొత్తలో ఉన్న నీలం. కార్ఖానాలో అచ్చు వేసే పెద్దాయన, "ఈసారి ఏం కుళ్ళిందమ్మా?" అని ఎప్పటిలాగే ఆటపట్టించాడు.

"మా మామయ్య చొక్కా" అందామె.

ఆయన, అప్పటికే కడిగిన అచ్చు స్క్రీనునే మళ్ళీ కడిగి, మొదటి గజం తన చేత్తో అచ్చు వేశాడు.

ఆ గుడ్డతో అత్తయ్య దిండు గలేబు కుట్టించుకుంది. తల ఆనించే ముందు వాసన చూసింది. రంగు వాసన తప్ప ఏమీ లేదు. కొన్నాళ్ళకు గలేబు విప్పి, బకెట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఉతికితే పోతుందా?"

"పోదత్తయ్యా. ఆవిరి పట్టించి గట్టిపరిచిన రంగు. ఎన్నిసార్లయినా ఉతుక్కోండి."

అత్తయ్య సబ్బు అందుకుంది. తనే ఉతికి, జాడించి, ఎండలో ఆరేసింది. తిరిగొస్తూ కిటికీ దగ్గర ఆగి, కోడలి రొట్టెముక్క డబ్బాకు మూత సరిగ్గా పెట్టింది.