నేను ఏడవని పాట

నా పాట విన్నవాళ్ళు నన్ను చూడగానే గొంతు తగ్గించి మాట్లాడతారు. ఒకసారి బందరు బస్టాండులో ముక్కూమొహం తెలియని ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా" అని చెప్పి అవనిగడ్డ బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ పాటలో నేను చెప్పుకున్న విషయం ఒక్కటే. కుదిరిన పెళ్ళి తప్పిపోయిన రోజు నాకు చాలా హాయిగా అనిపించింది. అంత నిజం నా జీవితంలో ఇంకెప్పుడూ బయటపెట్టలేదు. అదే ఎవరికీ వినపడలేదు.

సంబంధం గుడివాడది. అబ్బాయి అక్కడ ట్రాక్టర్ల షోరూములో పని చేసేవాడు. చెడ్డ అలవాట్లేవీ లేవు. నిశ్చితార్థం అయిన మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఆ రోజు మేనేజరుకి తనేం జవాబిచ్చాడో, మేనేజరు మొహం ఎలా మాడిపోయిందో, అదే జవాబు ఇంకా ఘాటుగా ఎలా ఇచ్చి ఉండొచ్చో వరసగా చెప్పేవాడు. మధ్యలో హఠాత్తుగా అడిగేవాడు.

"వింటున్నావా?"

"ఆఁ."

"ఆఁ అంటే?"

"వింటున్నానండీ."

నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని గోరుచిక్కుళ్ళు ఒలిచేదాన్ని. చిక్కుళ్ళయ్యాక ఉతికిన బట్టలు మడతపెట్టేదాన్ని. అప్పటికీ మేనేజరు సంగతి తెమిలేది కాదు.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, ఈ సంబంధం తెచ్చిన మా మావయ్య ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వాళ్ళు వద్దనుకుంటున్నారంట అక్కా. పిల్ల అసలు మాట్లాడటం లేదంట. మావాడికి కలుపుగోలుగా ఉండే అమ్మాయి కావాలండీ అంటున్నారు."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నాకు మాత్రం భుజాల మీంచి ఏదో బరువు దించినట్టయింది. ఒక్కసారిగా ఆకలేసింది. ఆ రోజు బొమ్మిడాయిల పులుసు. గిన్నె దగ్గరకు లాక్కుని రెండోసారి వడ్డించుకున్నాను. అమ్మ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చూడరా తమ్ముడూ, పిల్ల బాధ దిగమింగుకుంటోంది" అంది.

అప్పటి నుంచి చుట్టాలు వచ్చి ఓదార్చడం మొదలుపెట్టారు. నాకు బాధ లేదంటే, పాపం, ఎంత గుండెదిటవో అనేవారు. నవ్వితే పైకి నవ్వుతోంది అనేవారు. నేను చిలకలపూడిలో ఒక రోల్డుగోల్డు నగల షాపులో డిజైన్లు గీస్తాను, కౌంటరూ చూస్తాను. పని చేసుకుంటూ ఏదో ఒకటి పాడుకోవడం అలవాటు. ఎవరూ వినిపించుకోని మాట అలా ఒక రోజు పాటై బయటికొచ్చింది.

*నువ్వు వద్దన్న పూట*
*నేను మళ్ళీ వడ్డించుకున్నా,*
*ఎవరికీ చెప్పకు మనసా,*
*కడుపు నిండా తిన్నా.*

మా వీధిలో ఒకాయన ఉన్నాడు, పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయిస్తాడు. వరసేమీ లేకపోయినా చిన్నప్పటి నుంచి అన్నయ్యా అని పిలుస్తాను. ఇంట్లో ఒక గదికి దుప్పట్లు కట్టి రికార్డింగు కూడా చేస్తాడు. నేను చప్పట్లు కొడుతూ హుషారుగా పాడి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంకాస్త నెమ్మదిగా పాడమ్మా. బాధ పట్టుకోవాలి."

"ఇందులో బాధ లేదన్నయ్యా."

"ఉంటుందిలేమ్మా. నీకు తెలీదు."

దాన్ని సగానికి సగం నెమ్మది చేశాడు. వేణువు పెట్టాడు. వాన చప్పుడు పెట్టాడు. 'కడుపు నిండా తిన్నా' అన్న చోట నా గొంతు కాస్త బొంగురుపోయింది. ఆ రోజు నాకు జలుబు. ఆ బొంగురే పాటకి ప్రాణమని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

యూట్యూబులో పెట్టాక కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎవరో కాటుక కారేలా ఏడుస్తూ దానికి రీలు చేశారు. ఇక ఆగలేదు. ఆటోల్లో, సెల్లు రిపేరు కొట్లలో, చివరికి పెళ్ళి ఊరేగింపుల్లో డీజే బాక్సుల మీద కూడా అదే మోగింది. నన్ను వద్దన్నారని పాడిన పాటకి పెళ్ళికొడుకులు గుర్రాల మీద ఊగారు. మా యజమాని పగిలిన గుండె లాకెట్టు గీయమన్నాడు. గీశాను. బాగా పోయింది. అమ్మ నన్ను మోపిదేవి తీసుకెళ్ళి పూజ చేయిస్తే, గుడి బయట బొమ్మల కొట్లో రెండు భక్తిపాటల మధ్య నా గొంతు వినిపించింది. అమ్మ అటు తిరిగి దణ్ణం పెట్టింది.

ఒక యూట్యూబు చానెలతను వచ్చి, "ఆయన్ని క్షమించేశారా అండీ?" అని అడిగాడు.

"ఆయన నాకేం అన్యాయం చెయ్యలేదండీ" అన్నాను, ఉన్నమాట.

మర్నాడు వీడియో మీద 'క్షమించిన ప్రేమమూర్తి' అని ఉంది.

ఈలోగా ఆ గుడివాడ అబ్బాయికి పెళ్ళయింది. పాట సంగతి తెలిశాక కాలరెగరేసుకుని తిరుగుతున్నాడని మావయ్య వచ్చి చెప్పాడు. షోరూముకొచ్చిన రైతులకు కూడా, ఆ పాటలో ఉన్నది తనేనని చెప్పుకుంటున్నాడట. నాకు కోపం రాలేదు కానీ, కాస్త ఒళ్ళు మండింది.

ఒక రోజు మా షాపుకి ఒకావిడ వచ్చింది. గొలుసులు చూపించమని, వాటివైపు చూడకుండా నన్నే చూస్తూ నిలబడింది. చివరికి నోరు విప్పింది.

"నేను గుడివాడ నుంచి వచ్చానండీ. ఆ పాటలో ఆయన ఉన్నారు కదా, ఆయన మిసెస్‌ని."

నా చేతిలో ట్రే కింద పెట్టేశాను. గొడవకొచ్చిందనే అనుకున్నాను. స్టూలు చూపించి కూర్చోమన్నాను.

"మా ఇంటికెవరొచ్చినా ఆ పాట పెడతారండీ. ఆ పిల్ల నా కోసం ఇంకా ఏడుస్తోంది పాపం అంటారు. నాకేమో అలా అనిపించలా. ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మళ్ళీ వడ్డించుకున్నా అన్నారు కదా. ఏం కూరండీ?"

అన్నాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది.

"బొమ్మిడాయిల పులుసండీ."

ఆవిడ పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. పక్క కౌంటరు వాళ్ళు తలెత్తి చూశారు. కాస్త తేరుకున్నాక అడిగింది.

"ఇంతకీ మిమ్మల్నెందుకు వద్దన్నారండీ?"

"మాట్లాడనని."

"రామ రామ! నాకు నోరెక్కువంటున్నారు."

"మేనేజరు ఎలా ఉన్నారండీ?" అన్నాను.

"రిటైరైపోయారు. ఇప్పుడు కొత్తాయన. ఈ మేనేజరు మొహం కూడా రోజూ మాడుతుంది."

మంచినీళ్ళు తాగి కళ్ళు తుడుచుకుంది. మనిషి మంచివాడేనని ఇద్దరం ఒప్పుకున్నాం. కొట్టడు, తిట్టడు, తాగడు. వినాలి, అంతే.

"ఆయనకి నిజం చెప్పెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాను.

ఆవిడ కంగారుగా చెయ్యి అడ్డం ఊపింది.

"అమ్మో, వద్దండీ! ఆ పాట వస్తున్నంతసేపూ ఆయన నోరెత్తరు. కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఇంట్లో నాకు దొరికే ప్రశాంతత అదొక్కటే. అసలు అడుగుదామనే వచ్చాను. దాన్నింకాస్త పెద్దది చెయ్యడం కుదురుతుందాండీ?"

నేను అన్నయ్య దగ్గరికి వెళ్ళి పాట పొడిగించమన్నాను. ఎందుకని కూడా అడగలేదాయన. బాధ పెరిగి ఉంటుందనుకున్నాడు. ఇంకో రెండు చరణాలు, మధ్యలో పొడుగాటి వాన, ఆ వాన మీద వేణువు చేర్చాడు. కొత్తది విన్నవాళ్ళు మొదటిదాని కంటే లోతుగా ఉందన్నారు. గాయం మానలేదని కామెంట్లు రాశారు.

అది పెట్టిన రోజే గుడివాడ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆవిడ చాలా మెల్లగా మాట్లాడుతోంది, పక్క గదిలోంచి వేణువు వినిపిస్తోంది.

"చాలా బావుందండీ. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నారు. నా సీరియల్ చివరిదాకా చూశాను."