సీసాలోని పొడుగు ముక్కు చేప

నా చిన్నప్పుడు ఖాజాగూడలో పొద్దెక్కాక ఇళ్లలో మనిషి అలికిడి ఉండేది కాదు. పెద్దవాళ్లంతా రాళ్లు కొట్టడానికి గుట్టల్లోకి పోయేవారు. మా అమ్మానాన్నలూ అంతే. నన్ను ఎత్తుకు తిరిగిన మా అక్క ఆ ఏడే పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోయింది. బడి నుంచి వచ్చి, మూత పెట్టి ఉంచిన అన్నం తిని, సాయంత్రం దాకా గోడలతో మాట్లాడేదాన్ని. ఒంటరితనమనే మాట అప్పటికి నాకు తెలియదు. లోపల ఏదో వెలితిగా ఉంటే ఆకలేమో అనుకుని మళ్లీ తినేదాన్ని.

అప్పుడే మా ముందుగదిలో కాకినాడ అక్క కిరాయికి దిగింది. యూనివర్సిటీలో చేపల మీద పరిశోధన చేసేది. ఆమె బల్ల మీద పెద్ద గాజు సీసా, అందులో ఒక చేప. వెలుతురు చేరనంత లోతు సముద్రంలో తిరిగే జాతి అట. ఒంటి మీద పొలుసు లేదు, లోపల గట్టి ఎముక లేదు, మన చెవిలో ఉండేలాంటి మెత్తటి ఎముకే. ముక్కు మాత్రం కత్తిలా ముందుకు పొడుచుకొచ్చి ఉండేది.

"ఆ చీకట్లో దానికి ముక్కే ఆధారం అమ్మా. దాంతోనే తిండి వెతుక్కుంటుంది," అంది అక్క.

"గిది ఒక్కతే ఉంటదా అక్కా?"

"ఏమోనమ్మా, అంత లోతుకి దిగి చూసినవాళ్లెవరు?"

తెలియదని ఒప్పుకున్న పెద్దమనిషిని అప్పుడే మొదటిసారి చూశాను.

ఆమె బయటికి వెళ్తే గది తాళం నాకే ఇచ్చేది. నేను సీసా ముందు కూర్చుని బడిలో జరిగినవన్నీ చేపకు చెప్పేదాన్ని. దాని మొహం మీద, కంటి కింద నుంచి ముక్కు దాకా, కుట్లు వేసినట్టు సన్నటి గీతలుండేవి. గాజు మీద వేలు పెట్టి వాటి వెంట తిప్పేదాన్ని.

మా ఇంట్లో నిన్నటి నీళ్లు ఉంచరు. తెల్లారగానే కుండ కడిగి కొత్తవి నింపాల్సిందే. వేసవి సెలవులకు అక్క ఊరికి వెళ్లింది. పాపం, చేపకు నీళ్లు మార్చే దిక్కు లేదని నాకు ఏడుపొచ్చింది. మూత తీస్తే ఘాటుకు కళ్లు మండాయి. పాడైపోయాయనుకుని ఆ నీళ్లు పెరట్లో పారబోసి, బోరింగు నీళ్లు పోశాను. చచ్చిన చేప కుళ్లకుండా పోసిన మందు అదని అప్పటికి నాకు తెలియదు. ఇక రోజూ అదే పని. రోజులు గడిచేకొద్దీ చేప కుళ్లడం మొదలైంది. అది మెత్తబడుతున్నకొద్దీ నేను ఇంకా శ్రద్ధగా మార్చాను. చివరికి ముక్కు ఊడి సీసా అడుగున పడింది.

నెలన్నరకు అక్క తిరిగొచ్చింది. సీసా చూసి బల్ల పట్టుకుని నిలబడిపోయింది. అలాంటి చేప మళ్లీ ఎప్పుడు వలలో పడుతుందో ఎవరికీ తెలియదు.

"పాత నీళ్లున్నయని నేనే మార్చిన అక్కా," అన్నాను.

అమ్మ కొడుతుందని భయం లేదు. అక్క గది ఖాళీ చేసి వెళ్లిపోతుందేమోనని ప్రాణం విలవిల్లాడింది.

ఆమె పెరట్లోకి వెళ్లి గోడకేసి తిరిగి నిలబడింది. చాలాసేపటికి లోపలికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా చేతిలో సుద్దముక్క పెట్టింది. "నేను వేస్తున్న చేప బొమ్మలో మొహం ఒక్కటీ వేయడం మిగిలిపోయిందమ్మా. రోజూ చూసింది నువ్వే కదా, ఆ గీతలెలా ఉండేవో వేసి చూపించు," అంది.

రెండు రోజులు బండల మీద గీశాను. అక్క నా పక్కనే బోర్లా పడుకుని, ఈ గీత ఎక్కడ ఆగేది, ఆ రెండూ కలిసేవా అని అడుగుతూ కాగితం మీద ఎక్కించుకుంది. తిన్నావా అని అడిగేవాళ్లు నాకు ఉన్నారు. నాకేం తెలుసో అడిగింది మాత్రం ఆమె ఒక్కతే.

ఆ మరుసటి ఏడు చదువు ముగిసి ఆమె వెళ్లిపోయేనాడు, కాగితాలు కట్టలు కడుతుంటే ఒక బొమ్మ బయటపడింది. చేప మొత్తం, మొహంతో సహా, సిరాతో వేసి ఉంది. కింద ఉన్న తేదీ ఆ వేసవి సెలవులకు ముందుది. నేను తలెత్తి చూశాను. "తాడు గట్టిగా పట్టుకోమ్మా," అని మాత్రం అంది అక్క.

ఇప్పుడు ఖాజాగూడ అంతా టవర్లే. నేనూ ఒకదాంట్లో పదకొండో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటున్నాను. లిఫ్టులో ఎవరూ ఎవరి మొహమూ చూడరు. మొన్న వంటకొచ్చే అమ్మాయి పింగాణీ గిన్నె పగలగొట్టి బిక్కచచ్చి నిలబడింది. కూర్చోబెట్టి, మీ ఊళ్లో పచ్చిపులుసు ఎట్లా చేస్తారమ్మా అని అడిగాను. బెదురు తగ్గి, చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చింది. మధ్యలో ఆపి, ఉల్లిపాయ ముందా చింతపండు ముందా అని కూడా అడిగాను. ఆ అమ్మాయి పుట్టకముందు నుంచీ నేను పచ్చిపులుసు చేస్తూనే ఉన్నాను.