గుమ్మడికాయతో రాయకోట నుంచి అంచెట్టి దాకా

మా తమ్ముడు మంజునాథ్ పళ్లు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోసేసినప్పుడే ఈ ప్రయాణం మామూలుగా సాగదని నాకు తెలియాల్సింది. "బరువు తగ్గాల చిన్నక్కా. నడకలో ప్రతి గ్రామూ లెక్కే" అన్నాడు. వాడు హోసూరులో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. వీధి చివర అంగడికి కూడా బండిమీదే పోయే మనిషి. ఎవరెవరో కొండలెక్కే వీడియోలు ఫోన్‌లో చూసీ చూసీ, బూట్లు కొన్నాడు, డేరా కొన్నాడు, మడిస్తే గుప్పిట్లో పట్టే స్టవ్వు కొన్నాడు. ఇక నడవడం ఒక్కటే మిగిలింది. దానికి తోడు కావాలి. వాడి భార్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేసింది. బేరిగైలో పిండిమిషను నడుపుకుంటున్న నేను దొరికాను.

నేను ఒప్పుకున్నది నడక మీద మోజుతో కాదు. వాడు ఫోన్‌లో తాను గీసుకున్న దారి చూపించాడు. రాయకోటలో మొదలై, కెలమంగలం, డెంకణికోట మీదుగా అంచెట్టి కొండల్లోకి పోయి కావేరి దగ్గర తేలే నీలం గీత. అంచెట్టి దాటాక ఒకచోట, ఏ కొండా ఏ వాగూ అడ్డం లేకపోయినా, ఆ గీత పెద్ద వంపు తిరిగింది. వంపు మధ్యలో ఉన్న ఊరు మల్లెగుట్టపల్లి. మా పెద్దక్క మునిరత్నమ్మ అత్తగారి ఊరు.

పెద్దక్క మాతో మాట్లాడి రెండేళ్లయింది. మా వైపు శుభకార్యానికి పిలవాలంటే మనిషే ఇంటికి పోవాలి, గడప ముందు నిలబడాలి, కుంకుమ ఇచ్చి పిలవాలి. మంజు తన కొత్తింటి గృహప్రవేశానికి కంపెనీ సెక్యూరిటీ ఆయనను కూడా అలాగే పిలిచాడు. పెద్దక్కను మాత్రం వాట్సాప్‌లో పిలిచాడు. మనింటి మనిషే కదా అనుకున్నాడట. ఆ ఊళ్లో సిగ్నలు కావాలంటే గుట్ట ఎక్కాలి. ఎవరో గుట్ట ఎక్కి ఆ పిలుపు దించుకొచ్చేసరికి మంజు ఇంట్లో పాలు పొంగి, పెరుగై, మజ్జిగ కూడా అయిపోయింది.

ఆ తర్వాత నేను కొత్త చీర తీసుకుని పోతే పెద్దక్క మడత కూడా విప్పలేదు. చీరనూ నన్నూ కలిపి బస్సెక్కించింది. మంజు కారులో పోతే తలుపే తీయలేదు. అమ్మ పొలం పనికి పోతే వాడిని చంకనేసుకుని తిరిగింది ఆమె. అన్నం కలిపి పెట్టింది ఆమె. ఆ మూసిన తలుపు ముందు పొద్దుగూకేదాకా కూర్చుని వచ్చినప్పటి నుంచి వాడు ఆ ఊరి పేరెత్తడు. నేను ఆ వంపును తిన్నగా చేద్దామనే బయల్దేరాను. సంచి అడుగున కుంకుమ భరిణె పెట్టుకున్నాను. వాడికి చెప్పలేదు, చెబితే దాన్ని కూడా సగానికి కోస్తాడని.

అక్టోబరు నెల. హోసూరులో పొద్దున్నే ధర్మపురి వైపు పోయే రైలెక్కాం. కిటికీ పక్కన జామకాయల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. మా సంచులను కింది నుంచి పైదాకా చూసింది.

"యాడికమ్మా, ఇన్ని మూటలేసుకోని? ఊరిడిచి పెట్టినారా?"

"లేదమ్మా, కావేరి దాకా నడిచి పోతా ఉండాం."

"బస్సు లేదా?"

"ఉండాది."

ఆమె కాసేపు మమ్మల్ని జాలిగా చూసి, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు ఇచ్చినట్టు చెరొక జామకాయ చేతిలో పెట్టింది.

రాయకోటలో దిగి ముందు కోట ఎక్కాం. పైనుంచి చుట్టుపక్కల కొండలన్నీ కనిపిస్తాయని అందరూ చెబుతారు. మాకు మాత్రం పొగమంచు చాలా స్పష్టంగా కనిపించింది. మంజు ఫోన్ చూసి "ఇప్పుడు ఎండ కాస్తా ఉండాది చిన్నక్కా" అన్నాడు. కాసేపటికి మేమిద్దరం ఒకరికొకరం కనిపించడం మానేశాం. కిందికి దిగాక నిజంగానే ఎండ వచ్చింది, మాడు పగిలేలా. వానకోటు విప్పి మడిచి సంచిలో పెట్టగానే వాన మొదలైంది. ఆ తర్వాత రోజూ ఇదే వరస. కోటు వేసుకుంటే ఎండ, విప్పితే వాన. ఈ కొండల్లో వాతావరణం తెలుసుకోవడానికి ఫోన్ అక్కర్లేదు, మా తమ్ముడి కోటు చూస్తే చాలు.

వానకు మా చిన్నాన్న కూతురు లక్ష్ముమ్మ ఇంట్లో దూరాం. టమాటా తోట వాళ్లది. మధ్యాహ్నం రాగిముద్ద, అందులోకి చారులాంటి ఉప్పుసారు పెట్టింది. బయల్దేరేటప్పుడు లోపలికి పోయి, నడుం పట్టుకుని ఒక గుమ్మడికాయ తెచ్చింది. మంజు మొహంలో నెత్తురు చుక్క లేదు. గ్రాముల సంగతి, నడుం మీద పడే భారం సంగతి సగం తెలుగులో సగం ఇంగ్లీషులో వివరించాడు. లక్ష్ముమ్మ ఓపిగ్గా విన్నది.

"ఒక గుమ్మడికాయ పట్టని సంచి ఎందుకు కొన్నావప్పా అంత దుడ్డు పోసి?" అని, కాయను నా సంచిలోకి దించింది. వట్టి చేతులతో ఎవరినీ పంపే అలవాటు మా వంశంలోనే లేదు.

నడక గురించి రాయాలి కదా, రాస్తాను. పొద్దున లేస్తే మేజోళ్లు తడిగా ఉంటాయి. వాటిని పిండి, తొడుక్కుని, బొబ్బల మీద పట్టీలు అతికించి, టీ అంగడి కనిపించేదాకా నడవాలి. దారికి రెండు వైపులా రాగి చేలు, టమాటా తోటలు, గులాబీల పాలిథీన్ గుడారాలు. కుక్కలు మొదట మొరిగి, సంచులు చూసి నోరు తెరుచుకుని ఊరుకుంటాయి. మధ్యాహ్నానికి మబ్బు పడుతుంది. సాయంత్రానికి ఒళ్లంతా తడిసి, చలికి పళ్లు కొట్టుకుంటూ, ఈ సుఖం కోసం మనుషులు సెలవులు పెట్టి మరీ వస్తారా అనిపిస్తుంది. మంజు మాత్రం నాకంటే ముందు నడుస్తూ, ప్రతి మలుపులో ఆగి, ఆగింది ఫొటో కోసమని చెబుతూ ఆయాసం తీర్చుకునేవాడు.

మొదటి రాత్రి కెలమంగలం ఇవతల ఒక రాగి చేను గట్టు మీద డేరా వేశాడు. నలువైపులా మేకులు కొట్టి లోపల పడుకుని ఆకాశం చూడబోతుంటే చేను గలావిడ టార్చిలైటు వేసింది.

"ఇల్లుండంగా ఈ గుడ్డలో పండుకునేదేమమ్మా? లెయ్యండి లెయ్యండి!"

అంతే. డేరా మేకులు పీకడానికి వాళ్లాయన కూడా సాయం పట్టాడు. వేడినీళ్లు, అన్నం, దుప్పట్లు అన్నీ దొరికాయి. మర్నాడు మంజు నా చెవిలో "గుమ్మడికాయ ఈడనే ఇచ్చేద్దాం" అన్నాడు. ఇవ్వబోయాను. ఆమె నొచ్చుకుని, కాయను తిరిగి సంచిలో పెట్టి, పక్కన ఒక మూట రాగిపిండి కూడా సర్దింది. మిషను మూసేసి పిండికి దూరంగా నాలుగు రోజులు గడుపుదామని వచ్చినదాన్ని నేను.

డెంకణికోటలో లాడ్జిలో దిగాం. ఫ్యాను రెక్కలకు మేజోళ్లు కట్టి తిప్పాం. ఆరలేదు కానీ గోడలన్నీ తడిశాయి. తర్వాతి రోజు అంచెట్టి అడవి దారి. చెక్‌పోస్టు దగ్గర గార్డు మమ్మల్ని ఆపాడు. నడిచి పోనివ్వరు, ఏనుగులు తిరుగుతాయి. ఆయన సంచి విప్పించి లోపలికి చూశాడు.

"గుమ్మడికాయా? ఏనుగులకు విందు తీసుకోని పోతా ఉండారామ్మా?"

మమ్మల్ని బస్సెక్కించాడు. మంజుకు తలకొట్టేసినట్టయింది. బస్సెక్కితే నడక చెడిపోతుందట. కిటికీలోంచి అడవిని చూస్తూ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ ప్రయాణం మొత్తంలో నచ్చిన భాగం అదే. ఘాట్ రోడ్డు మలుపుల్లో మబ్బు బస్సులోకి వచ్చి, మా మీదుగా అవతలి కిటికీలోంచి పోయింది. చూస్తుంటే ప్రాణం హాయిగా ఉంది. వెటకారం కాదు, నిజంగానే.

అంచెట్టి దాటి ఇంకాస్త దూరం పోయాక దిగి మళ్లీ నడక మొదలుపెట్టాం. మధ్యాహ్నం దాటేసరికి కుండపోత. మూడు దారులు కలిసేచోట రేకుల కప్పున్న టీ అంగడిలో నిలబడ్డాం. మంజు నీలం గీత చూపించి దారి అడిగాడు. అంగడాయన గీత వైపు కూడా చూడలేదు.

"ఆ పక్క వంకలో నీళ్లు పారతా ఉండాయప్పా. ఈ పొద్దు దాటేకి కాదు. మల్లెగుట్టపల్లి మీద పొండి, అదే తిన్నని దారి. చీకటి పడకముందే చేరుకోండి, ఏనుగులు దిగుతాయి."

మంజు గ్లాసు కింద పెట్టేశాడు. "వద్దు చిన్నక్కా. బస్సొస్తే వెనక్కి పోదాం."

"ఎందుకప్పా?"

"తలుపు తీయదు."

ఆ మాట అంటుంటే వాడి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయిపోయింది. కుంకుమ భరిణె తీసి బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, వానను చూశాడు.

తర్వాత వాడు చేసిన పని నేను ఊహించలేదు. తన సంచి విప్పి డేరా తీసి బల్ల మీద పెట్టాడు. స్టవ్వు తీశాడు. గాలి ఊదే దిండు, మడత కుర్చీ, పొట్లాల్లో ఎండబెట్టిన కూరలు, అన్నీ తీసి "ఇవి ఈడ పెట్టుకోండన్నా" అని అంగడాయనకు అప్పగించాడు. నా సంచిలోంచి గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తి తన సంచిలోకి దించుకున్నాడు. రాగిపిండి మూట కూడా. బ్రష్షు పిడి కోసిన మనిషి.

దారంతా బురద. రెండుసార్లు జారి పడ్డాడు, రెండుసార్లూ వెల్లకిలా పడకుండా మోకాళ్ల మీద పడ్డాడు, కాయ పగులుతుందని. పొద్దు వాలేసరికి ఊరు చేరాం. పెద్దక్క వసారాలో ఆవుకు కుడితి పెడుతోంది. మమ్మల్ని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. బావ లోపలి నుంచి తొంగి చూసి, సంగతి అర్థమై, మళ్లీ లోపలికే పోయాడు. తెలివైన మనిషి.

మంజు చూరు కిందికి కూడా రాలేదు. ముక్కు మీద నుంచి వాననీళ్లు కారుతుంటే సంచి విప్పి, గుమ్మడికాయను అరుగు మీద పెట్టాడు.

"ఏమిది?" అని పెద్దక్క నన్ను అడిగింది. వాడితో మాటల్లేవు కదా.

"గుమ్మడికాయ" అన్నాను.

"నాకు కండ్లుండాయి. యాడిది?"

"రాయకోటది పెద్దక్కా" అన్నాడు మంజు. "నడిచి మోసుకోని వచ్చినాను."

అంతదూరం మోసింది ఎవరో నాకు తెలుసు, గుమ్మడికాయకు తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నాం. భరిణె వాడి చేతిలో పెట్టాను. వాడు మూత తీసి, వాన పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, గడప వైపు చాచాడు.

"మా కొత్తింటి గృహప్రవేశం పెద్దక్కా. నువ్వూ బావా తప్పకుండా రావాల."

"ఎప్పుడు?"

"అయిపోయి రెండేండ్లాయె."

పెద్దక్క వాడిని బురద మోకాళ్ల నుంచి తల దాకా నిదానంగా చూసింది.

"శానా ముందుగా చెప్పినావే" అన్నది.

మా ఇంట్లో ఈ నోరు అందరికీ ఎవరి నుంచి వచ్చిందో మీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది. అలా అంటూనే కుంకుమ తీసుకుని పెట్టుకుంది. బొట్టు వంకర పోయింది. ఆ తర్వాత వాడి చెయ్యి పట్టి చూరు కిందికి లాగి, కొంగుతో తల తుడవడం మొదలుపెట్టింది, నలభై ఏళ్ల మగవాడి తలను. వాడు వంగి నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాన పడుతోంది కాబట్టి కొంత మర్యాద దక్కింది.

ఆ రాత్రి గుమ్మడికాయ సారు, రాగిముద్ద. రెండూ మేం మోసుకొచ్చినవే. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

కావేరి చూడలేదు. మర్నాడు పొద్దున బస్సుకు వెనక్కి బయల్దేరాం, పెద్దక్కతో కలిసి. పిలిచినప్పుడు పోకపోతే బాగుండదట. ఆవులున్నాయి కాబట్టి బావ ఆగిపోయాడు. టీ అంగడి దగ్గర బస్సు ఆగినప్పుడు చూస్తే మంజు డేరా కట్టెల మోపు మీద చక్కగా కప్పి ఉంది. కట్టెలు తడవలేదు. "ఉండనీ చిన్నక్కా" అన్నాడు వాడు.

ఈ దారిన నడవదలచిన పాఠకులకు నా అనుభవం నుంచి చెప్పేది ఇంతే. డేరా అక్కర్లేదు, ఎవరూ పడుకోనివ్వరు. స్టవ్వు అక్కర్లేదు, ఎవరూ వండుకోనివ్వరు. వానకోటు అక్కర్లేదు, ఎలాగూ తడుస్తారు. సంచి మాత్రం గుమ్మడికాయ పట్టేది తీసుకోండి. మిగిలిన సగం కాయ ఇప్పుడు మళ్లీ మంజు ఒళ్లోనే ఉంది, వాడి భార్యకని పెద్దక్క పెట్టింది.

డెంకణికోట దాటాక ఎండ కాసింది. ఫోన్‌కు సిగ్నలు రాగానే పెద్దక్క మంజు చేత భార్యకు ఫోన్ చేయించి, తానే లాక్కుంది.

"ఏమ్మా, నేను వస్తా ఉండాను. పాలు తెచ్చి పెట్టు. నేనొచ్చి గడప దాటేదాకా పొయ్యి మీద పెట్టొద్దు."